కాడికి ఇద్దరే

డాలస్ దగ్గర ఉంటున్న మా చెల్లెలి కొడుక్కి పదిహేనేళ్ళు. ఆదివారం పొద్దున్నే, అంటే వాళ్ళకి శనివారం రాత్రి, వాళ్ళమ్మ నాతో వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే మధ్యలో దూరి "మావయ్యా, ఇద్దర్ని చెప్పు" అంటాడు. బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ పేర్లు చెప్పాలి. ఏ కాలం వాళ్ళైనా సరే, ఇద్దరే. వాడి దగ్గర ఒక నోటుబుక్కుంది. అందులో ఒక్కో పేరు పక్కన నాలుగు గళ్ళు: వేగం, మూడు పాయింట్ల షాటు, డంక్, డిఫెన్స్. ఒక్కో గడిలో పదికి ఇన్నని మార్కులు. పాత ఆర్కేడ్ గేమ్ 'ఎన్‌బీఏ జామ్'లోకి కొత్త జట్లు దించాలని వాడి ప్రాజెక్టు.

మొదటి పేజీలో వాడు రాసుకున్న జోడీ మైకేల్ జోర్డన్, లెబ్రాన్ జేమ్స్. "ఇంక రెండో పేజీ ఎందుకురా, మూసెయ్ పుస్తకం" అన్నాను. మెచ్చుకుంటున్నాననుకున్నాడు పాపం.

ఆ గేమ్‌తో నాది పాత పరిచయం. 1994లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్ళినప్పుడు మా యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్లో, పూల్ టేబుళ్ళ పక్కన ఉండేది ఆ మెషిన్. డాలరుకి 31 రూపాయలున్న రోజులు. పావు డాలరు నాణెం, అంటే క్వార్టర్, మన లెక్కలో దాదాపు 8 రూపాయలు. బట్టలుతుక్కునే మెషిన్‌లో వెయ్యడానికి వాటిని ఒక జాడీలో దాచేవాళ్ళం. ఆ జాడీ ఎన్నిసార్లు ఖాళీ అయిందో, దాని మూలంగా ఎన్ని వారాలు మాసిన చొక్కాలతో క్లాసులకు వెళ్ళామో ఇప్పుడు చెప్పుకోవడం ఎందుకు! ఆటలో భాగం పేరు కూడా క్వార్టరే. ఒక్కోటీ మూడు నిమిషాలు, మొత్తం నాలుగు. ఒకటి అయిపోగానే తెర మీద అంకెలు వెనక్కి లెక్కపెడుతూ మళ్ళీ నాణెం అడుగుతాయి. రెండు పాయింట్లు వెనకబడి ఉన్న మనిషి ఆ క్షణంలో చొక్కాల గురించి ఆలోచించడు.

చికాగోలోని మిడ్‌వే కంపెనీ 1993లో ఆ గేమ్ తెచ్చింది. మార్క్ టర్మెల్ దాని రూపకర్త. అసలు ఆటలో జట్టుకి ఐదుగురు, ఇందులో ఇద్దరు. నలుగురు మనుషులు ఒకే మెషిన్ ముందు భుజాలు రాసుకుంటూ నిలబడి ఆడొచ్చు. ఆటగాళ్ళు బుట్టకు రెండింతల ఎత్తు ఎగిరి పిల్లిమొగ్గ వేసి మరీ డంక్ చేస్తారు. ఎదుటివాణ్ణి రెండు చేతులతో నెట్టేసినా అడిగే నాథుడు లేడు. ఒకడు వరసగా రెండు షాట్లు వేస్తే టిమ్ కిట్జ్‌రో గొంతు వాడు రాజుకుంటున్నాడని అరుస్తుంది. మూడోదీ పడితే అంటుకున్నట్టే, ఇక బంతికి నిజంగానే మంటలు.

జోర్డన్ మాత్రం అందులో లేడు. లీగ్ ఆటగాళ్ళందరి తరఫున ఇచ్చే లైసెన్సులో ఆయన పేరు ఉండేది కాదు. తన పేరూ బొమ్మా ఆయన విడిగా అమ్ముకునేవాడు. చికాగోలో తయారైన మెషిన్, చికాగో దేవుడు లేని మెషిన్. బుల్స్ జట్టుకి స్కాటీ పిప్పెన్, హోరెస్ గ్రాంట్. పైగా టర్మెల్ డెట్రాయిట్ పిస్టన్స్ అభిమాని. ఆ రెండు జట్లూ తలపడి స్కోరు దగ్గరగా ఉంటే ఆఖరి క్షణంలో బుల్స్ వేసే షాట్లు తప్పిపోయేలా కోడ్ రాశానని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. మా రూమ్మేట్ ఎప్పుడూ బుల్స్‌నే ఎంచుకునేవాడు. ఈ సంగతి బయటపడ్డాక వాడికి ఫోన్ చేసి చెప్పాను. "అప్పుడే చెప్పాను కదరా, మెషిన్ మోసం చేస్తోందని" అన్నాడు, ఏళ్ళ తరబడి మోసిన నింద దింపుకున్నవాడిలా.

న్యూజెర్సీ జట్టులో డ్రాజెన్ పెట్రోవిచ్ ఉండేవాడు. ఆ క్రొయేషియన్ 1993 జూన్‌లో జర్మనీలో కారు ప్రమాదంలో పోయాడు, 28 ఏళ్ళకి. మా యూనియన్లో మాత్రం ఆ మరుసటి ఏడు కూడా మూడు పాయింట్ల గీత బయట నిలబడి షాట్లు వేస్తూనే ఉన్నాడు.

ఇక జోడీల సంగతి. మా తాతగారికి ఎడ్ల బేరంలో మంచి పేరు. సంతలో అన్నిటికన్నా బలమైన రెండెద్దులు తెచ్చి కాడికి కడితే సేద్యం సాగదనేవాడు. దాపట నడిచేది ఒకటి, వలపట నడిచేది ఒకటి కావాలి, నడక కలవాలి. రెండూ దాపటెద్దులైతే కాడి విరుగుతుంది తప్ప చాలు రాదు. హ్యూస్టన్ రాకెట్స్ 2019లో సరిగ్గా అదే చేసింది. 2017 ఎంవీపీ రసెల్ వెస్ట్‌బ్రూక్‌ని తెచ్చి, 2018 ఎంవీపీ జేమ్స్ హార్డెన్ పక్కన కట్టింది. ఇద్దరికీ బంతి తన చేతిలో ఉంటే తప్ప కాలు ఆడదు. ఒక్క సీజన్‌తో తీరిపోయింది ముచ్చట. జోర్డన్, లెబ్రాన్ జోడీ మీద నా అభ్యంతరమూ ఇదే. బంతి ఒక్కటే కదా.

కాడికి అమరిన జోడీ అంటే యూటా జాజ్ వాళ్ళది. జాన్ స్టాక్టన్ ఇస్తాడు, కార్ల్ మలోన్ వేస్తాడు. స్టాక్టన్ అసిస్టులు 15,806, ఆ రికార్డు ఇప్పటికీ ఎవరికీ అందలేదు. మలోన్ పాయింట్లు 36,928. ఆ రెండు అంకెల్లో ఒకటి లేకపోతే రెండోది అంత ఉండదు. తిరుపతి వెంకట కవుల్లో ఏ పాదం ఎవరిదో విడదియ్యమంటే ఎవరు విడదియ్యగలరు? ఇదీ అంతే. మా వాడికి ఇది చప్పగా అనిపించింది. "ఇద్దరూ ముసలాళ్ళు మావయ్యా, ఒకడు పొట్టి నిక్కరు" అన్నాడు. నిక్కరు నిజమే.

అయితే ఈ గేమ్‌లో ఇంకో తిరకాసుంది. నియమాలు మారితే మనిషి విలువా మారుతుంది. షకీల్ ఓనీల్‌ని ఆపే దారి లేక ప్రత్యర్థులు కావాలని ఫౌల్ చేసేవాళ్ళు, ఫ్రీ త్రో దగ్గర నిలబెడితే సగం తప్పుతాడని. ఆయన కెరీర్ సగటు 52.7 శాతం. ఎన్‌బీఏ జామ్‌లో ఫౌలే లేదు, కాబట్టి ఫ్రీ త్రో లేదు, కాబట్టి షాక్‌కి లోపమే లేదు. ఆయన పక్కన కోబీ బ్రయంట్‌ని పెడితే 2000 నుంచి 2002 దాకా వరసగా మూడు టైటిళ్ళు గెలిచిన జోడీ. నిజజీవితంలో వాళ్ళని విడగొట్టిన కొట్లాటలకి మెషిన్‌లో చోటు లేదు, మూడేసి నిమిషాల్లో ఎవరు అలుగుతారు?

నెట్టడం తప్పు కాని చోట డ్రేమండ్ గ్రీన్ విలువ ఎంతుంటుందో ఊహించండి. అందుకే స్టెఫెన్ కరీకి జోడీగా గ్రీన్‌ని పెట్టమన్నాను. కరీ దూరం నుంచి వేస్తుంటే ఈయన అడ్డొచ్చినవాళ్ళని తోస్తూ ఉంటాడు, సస్పెన్షన్ల భయం లేకుండా. మా వాడు ససేమిరా అన్నాడు. వాడికి క్లే థాంప్సన్ కావాలి. వాడి వాదనా కొట్టిపారెయ్యలేనిది. 2015 జనవరి 23న శాక్రమెంటో మీద థాంప్సన్ ఒక్క క్వార్టర్లో 37 పాయింట్లు చేశాడు. 13 షాట్లు వేస్తే 13 పడ్డాయి, అందులో తొమ్మిది మూడు పాయింట్లవి. బంతికి మంటలొక్కటే తక్కువ. మరుసటి ఏడాది డిసెంబరులో ఇండియానా మీద 29 నిమిషాల్లో 60 పాయింట్లు చేసినప్పుడు మొత్తం మీద బంతిని నేలకు కొట్టింది పదకొండు సార్లే. అంతసేపూ పరుగెత్తి, పట్టుకుని, వేశాడంతే. చేతిలో బంతి ఉంచుకోకుండా ఇంత చేసేవాడి పక్కన ఎవరైనా ఇమడతారు. మా తాతగారైతే వేలిముద్ర వేసి కొనేసేవాడు. ఇక్కడ నేను ఓడిపోయాను.

లూకా డోంచిచ్ పేజీ మాత్రం వాడు తెరవనివ్వడు. లూకా, కైరీ అర్వింగ్ కలిసి 2024లో డాలస్‌ని ఫైనల్స్‌కి తీసుకెళ్ళారు. 2025 ఫిబ్రవరి మొదట్లో ఒక రాత్రి లూకాని లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చేసి ఆంథనీ డేవిస్‌ని తెచ్చుకున్నారు. మా వాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని చెల్లెలు చెప్పింది. ఓదారుద్దామని 1992–93 సీజన్ సంగతి చెప్పాను. ఆ ఏడు డాలస్ ఆడిన 82 ఆటల్లో గెలిచినవి పదకొండే. అయినా మెషిన్‌లో అందరిలాగే వాళ్ళకీ ఇద్దరుండేవాళ్ళు. పైగా వెనకబడిన జట్టుకి ఆ మెషిన్ లోపల్నుంచి గుట్టుగా సాయం చేసేది, ఆట చివరిదాకా బిగువుగా ఉంటే నాణేలు రాలతాయి గదా. డాలస్‌తో బుల్స్‌ని నేనే ఓడించాను. "లూకా లేకుండానా?" అన్నాడు నమ్మలేనట్టు.

చివరికి నా జోడీ ఏదని అడిగాడు. మనూట్ బోల్, మగ్సీ బోగ్స్ అన్నాను. 1987–88లో వాషింగ్టన్ జట్టుకి కలిసి ఆడారు. సూడాన్ నుంచి వచ్చిన బోల్ ఏడడుగుల ఏడంగుళాలు, బోగ్స్ ఐదడుగుల మూడంగుళాలు. మధ్య తేడా 28 అంగుళాలు. బోల్ కెరీర్లో వేసిన పాయింట్లు 1,599, అడ్డుకున్న షాట్లు 2,086. అంటే తను చేసినదానికంటే ఎదుటివాళ్ళని చెయ్యనివ్వనిదే ఎక్కువ. కింద బంతి కనబడితే బోగ్స్ ఎత్తుకుపోతాడు, పైన కనబడితే బోల్ పట్టుకుంటాడు.

వాడు నవ్వుతూనే గళ్ళు నింపాడు. బోల్ డిఫెన్స్ 10, వేగం 2. మూడు పాయింట్ల గడిలో ఆలోచించకుండా సున్నా పెట్టాడు. "ఆగరా" అన్నాను. 1993 మార్చిలో ఫిలడెల్ఫియా తరఫున, ఫీనిక్స్ మీద, ఒక్క సగంలో ఆరు వేశాడు మనూట్ బోల్. ఆ పొడుగు చేతులతో, తల వెనకనుంచి రాయి విసిరినట్టు.

వాడు ఫోన్ బల్ల మీద పడేసి వీడియో వెతుక్కున్నాడు. కాసేపు నాకు వాళ్ళింటి సీలింగ్ ఫ్యాన్ మాత్రమే కనిపించింది. ఆ తర్వాత ఒక కేక, దాని వెనకే రబ్బరుతో కాగితం మీద రుద్దుతున్న చప్పుడు.