గుర్రాలు సరే, గుగ్గిళ్ళేవి?

కారు కంప్యూటర్‌కి ల్యాప్‌టాప్ తగిలించి, సాఫ్ట్‌వేర్ మార్చి, గంటలో ముప్పై గుర్రాలు (హార్స్‌పవర్) అమ్మేస్తున్నారు. దాని పేరు రీమ్యాప్. స్టేజ్ వన్ అట, స్టేజ్ టూ అట. మా మేనల్లుడు కిందటేడు కొన్న లీటరు టర్బో పెట్రోలు కారుకి స్టేజ్ టూ చేయించుకొచ్చి, పండగకి ఊరంతా తిప్పి చూపించాడు. ఈ వారం ఆ కారే ఇంకో బండి వెనక వేలాడుతూ వచ్చింది. విప్పి చూస్తే పిస్టన్‌లో రెండు రింగుల మధ్య అంచు విరిగి, ముక్కలు సిలిండర్ గోడని గీరేశాయి. రీమ్యాప్ చేసినాయన్ని అడిగితే ‘పెట్రోలు బాలేదు సార్’ అన్నాడు. షోరూమ్‌వాళ్ళు వారంటీ ఊసెత్తొద్దన్నారు. వాళ్ళని తప్పుపట్టలేను.

టర్బో చేసే పనిలో మాయేమీ లేదు. బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రం గాలిని ఇంజిన్‌లోకి కుక్కుతుంది. చిన్న టర్బోలు నిమిషానికి రెండు లక్షల చుట్లు కూడా దాటతాయి. ఒక బార్ బూస్ట్ అంటే దాదాపు రెట్టింపు గాలి. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడి మితిమీరితే, స్పార్క్ పెట్టిన మంట వచ్చేలోగానే మూలనున్న పెట్రోలు తనంతట తాను పేలుతుంది. నాకింగ్ అనేది దాన్నే. ల్యాప్‌టాప్ బూస్ట్ పెంచగలదు, స్పార్క్‌ని ముందుకి జరపగలదు. పిస్టన్‌కి బలం పొయ్యడం మాత్రం దాని తరం కాదు.

పవర్ కావాలనుకున్నవాడు ఇంజిన్ దింపి అడుగునుంచి రావాలి. ఫోర్జ్‌డ్ పిస్టన్లు, గట్టి కనెక్టింగ్ రాడ్లు, కొత్త బేరింగులు, స్టీలు హెడ్ గ్యాస్కెట్, పెద్ద ఇంటర్‌కూలర్, దానికి తగ్గ ఇంజెక్టర్లు, క్లచ్. ఇవన్నీ అయ్యాక టర్బో. మ్యాపింగ్ అన్నిటికన్నా ఆఖర్న.

మన ‘జాతీయ ఇంజిన్’నే తీసుకోండి. ఫియట్‌వాళ్ళ 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్. స్విఫ్ట్‌లో 75 గుర్రాలు ఇచ్చింది, ఎర్టిగాలో 90 ఇచ్చింది. ఆ పదిహేను గుర్రాల కోసం కంపెనీయే టర్బో మార్చి, రెక్కలు కదిలే వేరియబుల్ జామెట్రీ రకం పెట్టింది. ఇంజినీర్ల దండున్న కంపెనీకి దొరకని కిటుకు సందు చివరి షాపులో దొరికిందంటే నమ్మాలా?

కుర్రాళ్ళు వెంటనే బీఎండబ్ల్యూ ఫార్ములా వన్ ఇంజిన్ కథ ఎత్తుకుంటారు. మామూలు కారు బ్లాకు మీద కట్టిన లీటరున్నర టర్బో ఇంజిన్ 1983లో నెల్సన్ పికెని చాంపియన్‌ని చేసింది, ఆ తర్వాత క్వాలిఫయింగ్‌లో వెయ్యి గుర్రాలు దాటింది. నిజమే. ఆ క్వాలిఫయింగ్ ఇంజిన్ నాలుగు రౌండ్లు తిరిగితే చాలు. మావాడు ఐదేళ్ళు ఈఎంఐ కట్టాలి.

ఇంజిన్‌ని అడుగునుంచి కట్టడమంటే ఏమిటో తెలియాలంటే మేస్త్రిని చూడాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఒకాయన రింగులు కూర్చడం చూశాను. ఒట్టి సిలిండర్‌లో రింగు పెట్టి, పిస్టన్‌ని తలకిందులుగా పట్టుకుని, దాంతో అంగుళం లోపలికి నెట్టి సమం చేస్తాడు. రింగు రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజ్ దూరుస్తాడు. 72 మిల్లీమీటర్ల బోరుకి మామూలుగా 0.3 మిల్లీమీటర్ల దగ్గర సరిపోతుంది. బూస్ట్ పెంచే ఇంజిన్ అని చెబితే 0.4 ఉంచుతాడు. వేడికి రింగు సాగుతుంది. కొసలు ఒకదానికొకటి తగిలితే ఇక పోయే చోటు లేక పక్కనున్న పిస్టన్ అంచునే విరగ్గొడుతుంది. అందుకే సన్నటి ఆకురాయితో ఒక కొసని రెండు గీతలు రుద్ది, తుడిచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ కొలుస్తాడు. ప్రతి రింగుకీ ఇదే తంతు. మధ్యలో ఫోన్ మోగితే ఎత్తడు. రీమ్యాప్‌కి వేలకి వేలు బేరమాడకుండా పోసే కుర్రాడు ఈయన దగ్గరికొచ్చి కూలీలో ఐదొందలు తగ్గించమంటాడు.

ఇలాంటి మార్పుల్ని ఆపే చట్టం లేదా అంటే ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. మన పోలీసులేమో మోత పెట్టే సైలెన్సర్లు పోగేసి, రోడ్డు రోలరు కింద తొక్కించి ఫోటోలు దిగుతారు. సైలెన్సర్ చెవిన పడుతుంది కాబట్టి దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ మార్చినవాడు వాళ్ళ ముందునుంచే దర్జాగా పోతాడు.

అయినా మేనల్లుణ్ణి అని ఏం లాభం? వాడు చదివింది కంప్యూటర్స్. తెలంగాణ కన్వీనర్ కోటా ఇంజినీరింగ్ సీట్లలో మూడింట రెండొంతుల దాకా కంప్యూటర్ కోర్సులవే. మెకానికల్ సీట్లు వదులుకుని మరీ కాలేజీలు ఆ సీట్లు తెచ్చుకున్నాయి. తెర మీద అంకె మారిస్తే ఇనుము మాట వింటుందని ఒక తరం నమ్మిందంటే నేర్పింది మనమే. ఆటోనగర్ మేస్త్రి కొడుకు కూడా కోడింగ్ కోచింగ్‌లో చేరాడు. తండ్రే చేర్పించాడు. ఈ చేతులకి పిల్లనెవరిస్తారండీ అన్నాడు.

ఇది మారాలంటే దారుంది. పాలిటెక్నిక్‌లో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఎలాగూ ఉంది. ఆ కాలమంతా మెకానికల్ పిల్లల్ని బోరింగ్ షాపుల్లో కూర్చోబెట్టండి. రికార్డులు రాయించడం ఆపి రింగు గ్యాప్ పెట్టించండి. నేర్పినందుకు మేస్త్రికి లెక్చరర్ జీతమివ్వండి. ఆయనకి అర్హతేమిటని ఫైలు మీద రాసే అధికారి ఉంటాడు. రాసేముందు, మన లెక్చరర్లలో సిలిండర్ కొలిచే బోర్ గేజ్ పట్టినవాళ్ళు ఎంతమందో కనుక్కుని రాయమనండి.