పేశీ అంటే కండ కాదు

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. పదో తరగతి దాటి సైన్సు తీసుకుంటే ఇంగ్లీషు. లెక్కల్లో ఈ మార్పు అంతగా బాధించదు. చిక్కంతా జీవశాస్త్రంలోనే. తొమ్మిది, పది తరగతుల్లో జీవరసాయన శాస్త్రం, బయోటెక్నాలజీ మాటలు ఒక్కసారిగా మీద పడతాయి.

బొత్తిగా తెలియని మాటైతే పిల్లలు అడుగుతారు. తెలిసినట్టే ఉండి వేరే అర్థమిచ్చే మాటైతే అడగరు. మరాఠీ పుస్తకంలో ‘పేశీ’ అంటే మనం తెలుగులో కణం అనేది. మాంసపేశి అన్న మాట విన్న తెలుగు పిల్లకు అది కండ. పోనీ కణం అని చెబుదామా అంటే మరాఠీలో ‘కణ్’ అంటే రేణువు. ఏటీపీని శక్తికి ‘చలన్’ అంటారు, అంటే డబ్బులా చలామణి అయ్యేదని. తెలుగు చెవికి అది కదలిక. ఇక ఎంజైమ్‌కు మరాఠీ మాట ‘వికర్’. అన్నం అరిగించేదాని పేరు వింటే మనకు కడుపులో తిప్పడం గుర్తొస్తుంది!

దీనికి మందుగా ఇంట్లో తెలుగు మానేయమని సలహా ఇచ్చేవారున్నారు. నేను ఒప్పుకోను. ఆ పిల్లకు సంగతి అర్థమయ్యేదే ఇంటి భాషలో. ముందు సంగతి చెప్పి, పేరు తర్వాత పెడితే గొడవే ఉండదు.

జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, వెంటనే మింగకుండా కాసేపు నమలమనండి. మెల్లగా తీపి తెలుస్తుంది. ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొడుతుంది. పని వేగంగా జరిపిస్తుంది, తాను ఖర్చవదు. ఇది అర్థమయ్యాక దాని పేరు తెలుగులో ఎంజైమ్, మరాఠీలో వికర్ అని చెప్పండి. పెరుగూ అంతే. మనం తోడు అనేదాన్ని మరాఠీ ఇళ్లలో విరజణ్ అంటారు. అందులోని బ్యాక్టీరియా పాలలోని లాక్టోజ్‌ను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, ఆ పులుపుకు పాల ప్రోటీన్ గడ్డకడుతుంది. మరిగే పాలలో తోడు వేస్తే పెరుగు ఎందుకు కాదో అమ్మమ్మకు తెలుసు. బ్యాక్టీరియా చచ్చిపోతుందన్న కారణం మనవరాలు చెప్పగలగాలి.

బయోటెక్నాలజీకి మన ఊరి పేరే ఉదాహరణ. నాందేడ్ పత్తి పరిశోధన కేంద్రం 1980ల్లో ఇచ్చిన నాందేడ్-44 సంకర రకం. రెండు పత్తి రకాలను కలిపి తీసిందే తప్ప అందులో బయటి జన్యువు లేదు. దేశంలో 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలో నేలలోని ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చారు. కాయ తొలిచే పురుగుకు విషమయ్యే ప్రోటీన్‌ను ఆ జన్యువు తయారు చేయిస్తుంది. తర్వాత నాందేడ్-44లోనూ బీటీ రకం వచ్చింది. సంకరం వేరు, జన్యుమార్పిడి వేరు. పత్తి చేను ఉన్న ఇంటి పిల్లకు ఈ తేడా ఒక్క పూటలో ఎక్కుతుంది. సంచి మీది మాటలు తండ్రికి చదివి చెప్పడానికీ పనికొస్తుంది.

ఏటీపీ పాఠం దగ్గర మరో మాట కూడా చెప్పండి. దాన్ని కండరాల నుంచి మొదట వేరుచేసినవారిలో 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి పనిచేసి, 1929లో ఆ సంగతి ప్రకటించారు.

బడిలో చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. సైన్సు టీచరూ తెలుగు టీచరూ ప్రతి పాఠానికి ముందు అరగంట కూర్చుని తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు మాటలు మూడు వరుసల్లో రాసి గోడకు అంటించాలి. మోసం చేసే మాటలకు ఎర్రగీత పెట్టాలి. పరీక్షలో మాత్రం పుస్తకంలోని మాటే రాయించాలి, అక్కడ తెలుగు మాట రాస్తే మార్కు రాదు. ఇంట్లో తల్లిదండ్రులు పేరు అడగకుండా “అదేం చేస్తుంది?” అని అడిగితే చాలు. వచ్చే వారం గోడకెక్కాల్సిన మొదటి మూడు మాటలు: పేశీ, చలన్, వికర్.