రూట్ పాస్‌వర్డ్ అందరిది, నింద మాత్రం కాంట్రాక్టోనిదా?

పోస్ట్ కొంచెం పొడుగు. గల్ఫ్‌లో సిస్టమ్స్ పని చేసే మనోళ్లు మాత్రం ఆఖరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే చదివినంక తిట్టండి.

దమ్మామ్‌లో ఒక ఇంజినీరింగ్ ఆఫీసు. పేరు అడగొద్దు, చెప్పను. డిజైన్ హాల్లో 20 లైనక్స్ వర్క్‌స్టేషన్లు. అన్నిటికీ ఒకటే రూట్ పాస్‌వర్డ్. అది 9 మందికి తెలుసు. ఒక గురువారం రాత్రి ప్రాజెక్ట్ ఫోల్డర్ మాయమైంది. ఆదివారం పొద్దున లాగ్ తెరిస్తే రూట్, రూట్, రూట్. అంతే. మనిషి పేరే లేదు.

మేనేజర్ ఒక్కటే అడిగిండు, "నైట్ డ్యూటీ ఎవరిది?" అని. నిజామాబాద్ తమ్ముడిది. కాంట్రాక్ట్ మీద వచ్చినోడు. నెల తిరగకముందే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిన్రు. ఏజెంట్‌కి కట్టిన అప్పు ఇంకా తీరలే.

వాడు చేసిండా, చేయలేదా? నాకు తెల్వదు. తెలిసే దారే లేదు. నా కోపం అంతా దాని మీదనే. పర్మినెంట్ వాళ్లు ఏడుగురున్నా, పేరు లేని తప్పు ఎవరి మీద పడుతదో మనకు వేరే చెప్పాల్నా?

ఇక అసలు మాట. తప్పు కంపెనీదే కాదు, మనది కూడా. ఆ పాస్‌వర్డ్‌ని వాట్సాప్ గ్రూపులో పెట్టింది ఎవరు? మనమే. "ఎందుకన్నా లొల్లి, పని అయితుంది కదా" అన్నది ఎవరు? నేనే.

కొందరు సీనియర్లు ఇప్పటికీ "ఎన్ఐఎస్ పెట్టు, అరగంటలో అయిపోతది" అంటరు. అది సన్ కంపెనీ 1980లలో చేసింది. అప్పట్లో పేరు ఎల్లో పేజెస్. బ్రిటిష్ టెలికాం ట్రేడ్‌మార్క్ గొడవతో పేరు మారింది కానీ, కమాండ్లు ఇప్పటికీ వైపీ అనే మొదలైతయ్. దాంట్లో వైపీక్యాట్ అని ఒక్క కమాండ్ కొడితే అందరి పాస్‌వర్డ్ హ్యాష్‌లు బయటపడ్డ రోజులు చూసిన. రెడ్ హ్యాట్ 9వ వెర్షన్‌లో దాన్ని తీసేసింది కూడా. చచ్చిన గుర్రానికి గడ్డి వేయకండి.

సరైన దారి కెర్బెరోస్, ఎల్‌డాప్. పేర్లు చూసి భయపడకండి. కెర్బెరోస్ ఎమ్ఐటీలో పుట్టింది. మన సైట్ గేట్ పాస్ లాంటిదే. పొద్దున గేటు దగ్గర నువ్వెవరో ఒకసారి రుజువు చేసుకుంటవ్, రోజు పాస్ ఇస్తరు, తర్వాత ప్రతి బిల్డింగులో ఆ పాస్ చూపిస్తే చాలు. నీ పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీద తిరగదు. ఎల్‌డాప్ అంటే మస్టర్ రోల్: ఎవరు, ఏ గ్రూపు, నంబర్ ఎంత.

"దానికి కొత్త సర్వర్ కావాలి, బడ్జెట్ లేదు" అంటరు. అబద్ధం. మీ ఆఫీసులో విండోస్ లాగిన్‌కి యాక్టివ్ డైరెక్టరీ ఉంటే, దాని లోపల ఉన్నది ఈ రెండే. లైనక్స్ మెషీన్‌ని దాంట్లో కలపడానికి రియల్మ్ జాయిన్ అని ఒక్క కమాండ్. రోజూ లాగిన్ సంగతి ఎస్ఎస్ఎస్‌డి చూసుకుంటది.

నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి చెప్తున్న. మొదట గడియారం. సర్వర్‌కీ మెషీన్‌కీ 5 నిమిషాల కంటే ఎక్కువ తేడా ఉంటే కెర్బెరోస్ మామూలుగా లోపలికి రానియ్యదు. క్రోనీ సరిచేయండి. తర్వాత డీఎన్ఎస్: మెషీన్‌కి పూర్తి పేరు ఉండాలి, డొమైన్ సర్వర్ పేరు దొరకాలి. పామ్ సెట్టింగులు చేత్తో కెలకకండి, ఆథ్‌సెలెక్ట్ వాడండి. కెలికేటప్పుడు ఇంకో టెర్మినల్‌లో రూట్ తెరిచి ఉంచండి, లేకపోతే మీరే బయట నిలబడుతరు. పాత ఫైళ్ల ఓనర్ నంబర్లు చూడండి. ఒక మెషీన్‌లో 1001 రమేష్, ఇంకోదాంట్లో 1001 సురేష్ అయితే ఎన్ఎఫ్ఎస్ షేర్‌లో ఒకరి ఫైళ్లు ఇంకొకరివి అయిపోతయ్. కొత్త నంబర్లకు ఓనర్లను మార్చాలి.

"సర్వర్ పడిపోతే ఎవరూ లాగిన్ కాలేరు కదా" అని ఇంకో సాకు. ఎస్ఎస్ఎస్‌డిలో క్యాష్ ఆన్ చేస్తే, అంతకుముందు లాగిన్ అయినోళ్లు సర్వర్ లేకున్నా లోపలికి పోతరు. రూట్ పాస్‌వర్డ్ మార్చి, కవర్లో పెట్టి, సీల్ వేసి, మేనేజర్ లాకర్‌లో పెట్టండి. అత్యవసరానికి అది.

మనోళ్లలో ఒకరు అన్నరు, "అన్నా, మన పేరు మీద లాగిన్ అంటే మన మీద నిఘానే కదా?" తమ్ముడూ, నిఘా ఎట్లాగూ ఉంది, సీసీ కెమెరా నీ నెత్తి మీదనే ఉంది. తేడా ఏందంటే ఈ లాగ్ నీ దిక్కు కూడా మాట్లాడుతది. ఎవరు ఏ టైముకి సుడో కొట్టిన్రో పేరుతో సహా పడుతది. ఒక్కసారి సుడోతో రూట్ షెల్‌లోకి పోయి గంటలు కూర్చోకండి, లోపల ఏం చేసిన్రో మామూలుగా రాయదు. లాగులు వేరే సర్వర్‌కి పంపండి, రూట్ ఉన్నోడు ఇక్కడ తుడిచినా అక్కడ ఉంటయ్.

ఇంకోటి. ఫైనల్ ఎగ్జిట్ రోజు నీ అకౌంట్ మూసేస్తరు. నువ్వు కరీంనగర్‌లో బస్సు దిగినంక ఇక్కడ జరిగినదానికి నీ పేరు ఎవరూ ఎత్తలేరు. అదే షేర్డ్ పాస్‌వర్డ్ అయితే? వెళ్లిపోయినోడి మీద నింద వేయడం అందరికంటే సులువు.

అందుకే ఈ ఆదివారం డ్యూటీకి పోంగనే మేనేజర్‌కి మెయిల్ రాయండి. నోటిమాట వద్దు, మెయిల్. "రూట్ పాస్‌వర్డ్ చాలామంది వాడుతున్నరు, నాకు నా పేరు మీద లాగిన్ ఇవ్వండి, అందరికీ అట్లనే పెట్టడానికి నేను సిద్ధం" అని మూడు ముక్కలు. ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే ఆ మెయిల్ కాపీ దాచుకోండి. రేపు ఏదైనా అయితే "నేను ముందే అడిగిన" అని చూపెట్టడానికి ఒక కాగితమన్నా ఉంటది.

నిజామాబాద్ తమ్ముడి దగ్గర ఆ కాగితం లేదు. అప్పుడు పక్క సీట్లో కూర్చున్న నేను కూడా అడగలే.

మనోళ్లకు షేర్ చేయండి.