ఎలా? ఎందుకు? - గీత మీద ఫోటో



ఫోటో అబద్ధం చెప్పదని పెద్దలు అంటూ ఉంటారు. నిజమే. కాని మనం అడిగిన ప్రతి ప్రశ్నకూ అది జవాబు చెప్పగలదా అంటే, చెప్పలేదు. ఈ సంగతి ఈ ఏడు మా ఊరి బడిలో జరిగిన ఆటలపోటీలలో నాకు బాగా తెలిసివచ్చింది.

మా మేనకోడలు ఎనిమిదో తరగతి చదువుతున్నది. పరుగులో దిట్ట. ఈసారి 100 మీటర్ల పందెంలో దానికి సరిజోడు మరొక అమ్మాయి తగిలింది. ఆ పిల్ల తండ్రి మా వీధిలో పాలు పోస్తాడు. "మామయ్యా! నేను గీత దాటేటప్పుడు ఫోటో తియ్యాలి సుమా!" అని మా మేనకోడలు నాలుగు రోజుల ముందునుంచీ నా ప్రాణం తీసింది. సరే గదా అని, ఫోటోలు తీయటమే వృత్తిగా పెట్టుకున్న ఒక స్నేహితుణ్ణి అడిగి, ఆయన పెద్ద కెమేరా ఒక పూటకు ఎరువు తెచ్చాను.

అది అలాంటి ఇలాంటి కెమేరా కాదు. ఒక్కొక్క బొమ్మనూ సుమారు నాలుగున్నర కోట్ల చుక్కలతో తీస్తుంది. మీట నొక్కి పట్టుకుంటే, వదిలేదాకా సెకనుకు 7 ఫోటోల చొప్పున టకటకా తీసుకుంటూ పోతుంది. "ఇంకేం! ఈల మోగినప్పటి నుంచి మీట నొక్కి పట్టుకుంటే పందెం యావత్తూ నా చేతిలో ఉంటుంది," అనుకున్నాను. కార్డు మటుకు మా ఇంట్లో ఉన్న పాతదే వేసుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

ఈల మోగింది. మీట నొక్కాను. కెమేరా చక్కగా టకటకమంటున్నది. ఆరు సెకన్లు గడిచాయి. పిల్లలు ఇంకా సగం దూరం కూడా రాలేదు. ఉన్నట్టుండి కెమేరా చప్పుడు మారిపోయింది. ఎత్తు మీద బండి లాగలేక ఆయాసపడే ముసలి ఎద్దులాగా, టక్... టక్... అని ఆగి ఆగి కొట్టుకోసాగింది. నేను ఎంత గట్టిగా నొక్కినా లాభం లేకపోయింది. ఇంతలో పందెం ముగిసిపోయింది.

ఇద్దరమ్మాయిలూ ఒకేసారి గీత దాటారు. రిబ్బను ఇద్దరికీ ఒకేసారి తగిలిందన్నారు. గీత దగ్గర నిలబడిన ఇద్దరు మాస్టర్లలో ఒకరు ఈ పిల్ల ముందన్నారు, ఇంకొకరు ఆ పిల్ల ముందన్నారు. అప్పుడు డ్రిల్లు మాస్టారు నా దగ్గరికి వచ్చి, "మీ దగ్గర అంత పెద్ద కెమేరా ఉన్నది గదండీ! అదే తీర్పు చెప్పాలి," అన్నారు.

చుట్టూ జనం మూగారు. కెమేరా వెనక ఉన్న తెర మీద ఫోటోలు తిప్పి చూశాం. ఒక ఫోటోలో ఇద్దరూ గీతకు ఇంకా రెండు మీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నారు. దాని తరవాతి ఫోటోలో ఇద్దరూ గీత దాటేసి ఉన్నారు. రెండింటికీ నడుమ ఫోటో లేదు!

అయితే మొదటి ఫోటోలో మా మేనకోడలు ఒక జానెడు ముందున్నట్టు కనిపించింది. "అదుగో, నేనే ముందు!" అని అది గంతులు వేసింది. రెండో అమ్మాయి ఏమీ అనలేదు. నా ముఖం వంక చూస్తూ ఊరుకున్నది.

నేనేం చెప్పాలి? "మాస్టారూ! ఇది గీతకు రెండు మీటర్ల ఇవతల తీసిన ఫోటో. ఆ రెండు మీటర్లలో ఏమైనా జరిగి ఉండవచ్చు. పైగా నేను గీతకు సూటిగా నిలబడలేదు, ఏటవాలుగా ఉన్నాను. ఏటవాలుగా చూస్తే, సమంగా ఉన్న ఇద్దరిలో ఒకరు ముందున్నట్టు కనబడవచ్చు. ఎవరు గెలిచిందీ నా కెమేరాకు తెలియదు," అన్నాను.

డ్రిల్లు మాస్టారు ఇద్దరికీ మొదటి బహుమతి ప్రకటించారు. మా మేనకోడలు ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గర కూర్చుని, చివరికి అడిగింది: "సెకనుకు ఏడు ఫోటోలు తీసే కెమేరా, సరిగ్గా కావలసినప్పుడే ఎందుకు మొండికేసింది మామయ్యా?"

అడగవలసిన ప్రశ్నే. దానికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

తొట్టి నిండితే?

ఇలాంటి కెమేరాలకు ఉదాహరణగా, జపానుకు చెందిన నికాన్ కంపెనీ 2017లో తెచ్చిన డి850 అనేదాన్ని తీసుకుందాం. దాని బొమ్మలో అడ్డంగా 8,256 చుక్కలు, నిలువుగా 5,504 చుక్కలు ఉంటాయి. పలకా బలపం తీసి గుణించండి. 4 కోట్ల 54 లక్షల చిల్లర వస్తుంది. ప్రతి చుక్క దగ్గరా ఎంత వెలుగు పడిందో కెమేరా అంకెల్లో రాసుకోవాలి. ఒక ఇంగ్లీషు అక్షరం రాసుకునేంత చోటును బైటు అంటారు. ఒక్క బొమ్మకు సుమారు 8 కోట్ల బైట్లు కావాలి. కెమేరాలోని యంత్రం ఏ వివరమూ పోకుండా దాన్ని అణిచి, సుమారు 5 కోట్లకు తగ్గిస్తుంది. సెకనుకు ఏడు బొమ్మలంటే 35 కోట్ల బైట్లన్న మాట!

ఇవన్నీ చివరకు చేరవలసింది గోరంత కార్డులోకి. నేను వేసిన పాత కార్డు సెకనుకు 8 కోట్ల బైట్లకు మించి రాసుకోలేదు. 35 వస్తుంటే, పోయేది 8. మిగతాది ఎక్కడ ఆగాలి?

బావి దగ్గర మోట తోలటం మీ తాతయ్యలు చూసే ఉంటారు. బానలో నీళ్లు భళ్లున తొట్టిలో పడతాయి. తొట్టిలోంచి కాలువ గుండా మెల్లిగా పొలానికి పోతాయి. కాలువ సన్నమైనా మొదట ఏమీ తెలియదు, ఎందుకంటే తొట్టి ఆసరాగా ఉంటుంది. తొట్టి నిండిపోయాక మటుకు, కాలువ ఎంత లాగితే అంతే కొత్తనీరు పోయగలం.

కెమేరాలో కూడా అలాంటి తొట్టి ఒకటున్నది. దాన్ని బఫర్ అంటారు. అది చాలా వేగంగా రాసుకుంటుంది గాని, దానిలో చోటు కొద్ది. డి850 తొట్టిలో ఆ రకపు బొమ్మలు 51 దాకా పడతాయని తయారుచేసినవాళ్లే చెప్పారు. 51ని 7తో భాగించండి. ఏడు సెకన్ల పైచిలుకు! కార్డు నెమ్మదిదైతే తొట్టి ఇంకా ముందే నిండుతుంది. తొట్టి నిండాక, కార్డు ఒక బొమ్మను మింగితేనే కెమేరా మరొకటి తీయగలదు. నా కార్డు సెకనుకు ఒకటిన్నర బొమ్మ మింగింది. మా పిల్లల పందెం 15 సెకన్లు సాగింది. కెమేరా తప్పేమీ లేదు. లెక్క వేసుకోకుండా మొదటి నుంచీ నొక్కి పట్టుకున్న మామయ్యదే తప్పు!

"అయితే నెమ్మది కార్డు కాకపోతే నేను గెలిచినట్టు తెలిసేదా?" అని మా మేనకోడలు అడిగింది.

అదీ లేదు. మీరు సెకనుకు సుమారు 7 మీటర్లు పరిగెత్తారు. కెమేరా సెకనుకు 7 ఫోటోలు తీస్తే, ఒక ఫోటోకూ మరొక ఫోటోకూ మధ్య మీరు ఒక మీటరు ముందుకు పోతారు. గెలుపు ఓటములు జానెడులో ఉంటే, మీటరు సందు ఉన్న వల అది పట్టలేదు. 2021లో వచ్చిన సోనీ ఆల్ఫా 1 అనే కెమేరా 5 కోట్ల చుక్కల బొమ్మలను సెకనుకు 30 దాకా తీస్తుంది. దానిలో బొమ్మను పట్టే పలక వెనకనే జ్ఞాపకపు పొర ఒకటి అతికించి ఉంటుంది. గనక అంకెలు బయటికి రావటం చాలా త్వరగా జరుగుతుంది. అయినా రెండు ఫోటోల నడుమ మీరు ఇంకా జానెడు పైన కదిలిపోతారు.

అందుకనే ఒలింపిక్ పందాలలో వేరే రకం కెమేరా పెడతారు. అది మైదానం యావత్తూ చూడదు. గీత ఒక్కదాన్నే, సన్నని చీలికలాగా చూస్తుంది. 2016లో రియోలో పెట్టినది సెకనుకు 10,000 సార్లు ఆ చీలికను చూసింది. ఎక్కువ చూడాలనుకున్నవాడికి వేగం తగ్గుతుంది, తక్కువ చూసేవాడికి వేగం పెరుగుతుంది. ఇదీ కిటుకు.

తుపాకి పేల్చిన ఫోటోలు

వరసగా ఫోటోలు తీయాలన్న ఆశ ఇప్పటిది కాదు. గుర్రం దౌడు తీసేటప్పుడు నాలుగు కాళ్లూ ఒక్కసారి నేలను విడుస్తాయా అని వెనక పెద్ద వాదం ఉండేది. 1878 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఆయన బాట పక్కన 12 కెమేరాలను వరసగా పెట్టి, బాటకు అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం పరిగెత్తుతూ దారాలను తెంపుకుపోతుంటే, ఒక్కొక్క కెమేరా ఒక్కొక్క ఫోటో తీసింది. నాలుగు కాళ్లూ నేలను విడవటం నిజమేనని తేలింది. కాని చిత్రకారులు వేసినట్టుగా కాళ్లు బారచాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు!

ఆ తరవాత 1882లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మారే తుపాకి ఆకారంలో ఒక కెమేరా చేశాడు. ఎగిరే పక్షికి గురిపెట్టి మీట నొక్కితే, గుండ్రటి గాజుపలక తిరుగుతూ సెకనుకు 12 బొమ్మలు పట్టేది. పక్షికి ఏ ప్రమాదమూ లేదు!

"1882లోనే పన్నెండు! మరి 2017లో ఏడేనా? వెనక్కి నడిచామా?" అని మీరు అడగవచ్చు. మారే బొమ్మలు చాలా చిన్నవి. గాజు మీద వెలుగు పడితే చాలు, బొమ్మను తరవాత తీరికగా మందులతో కడుక్కునేవారు. ఇప్పటి కెమేరా ప్రతి బొమ్మలోనూ నాలుగున్నర కోట్ల చుక్కలను అప్పటికప్పుడు లెక్కపెట్టి రాసుకోవాలి. బరువు మోసేవాడు మెల్లిగా నడుస్తాడు మరి.

చెయ్యి వణికితే

పెద్ద కెమేరాతో ఇంకో చిక్కున్నది. చుక్కలు ఎక్కువైన కొద్దీ, బొమ్మలోని మంచితో పాటు చెడూ స్పష్టంగా కనబడుతుంది. బొమ్మ వెడల్పులో 8 మీటర్ల మైదానం పట్టిందనుకోండి. అప్పుడు ఒక్కొక్క చుక్కా ఒక మిల్లీమీటరు మేర చూస్తుంది. కెమేరా కన్ను సెకనులో 125వ వంతు తెరుచుకుంటే, ఆ కాస్త సేపట్లోనే మీరు 5 సెంటీమీటర్ల పైన జరుగుతారు. బొమ్మ అలుక్కుపోతుంది. 1000వ వంతే తెరిస్తే 7 మిల్లీమీటర్లే జరుగుతారు. అందుచేత పరుగులు తీసేవాళ్లకు 1000వ వంతో, అంతకన్న తక్కువో పెట్టాలి.

డి850 బరువే ఒక కిలో ఉంటుంది. దానికి దూరపు కటకం తగిలిస్తే రెండు కిలోలు దాటటం మామూలే. ఎడమచేతిని కటకం కింద ఆనించి, మోచేతులు రెండూ డొక్కలకు ఆనించి, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడాలి. మీటను ముందు సగమే నొక్కి బొమ్మను కుదుర్చుకోవాలి. పరిగెత్తేవాళ్లతో పాటు నడుము తిప్పుతూ, గీతకు రెండు మూడు అంగల దూరం ఉన్నప్పుడు పూర్తిగా నొక్కాలి. ఒకటిన్నర సెకను చాలు, పది ఫోటోలు వస్తాయి. తొట్టి నిండదు. తరవాత ఏరుకోవటమూ సుళువు.

ఇదంతా విని మా మేనకోడలు, "ఆ ఫోటో ఒకసారి పెద్దది చేసి చూపించు," అన్నది. నాలుగున్నర కోట్ల చుక్కలున్న బొమ్మ గనక ఎంత పెంచినా చెదరలేదు. ముఖాలు కనిపించాయి. తరవాత కళ్లు కూడా కనిపించాయి. రెండో అమ్మాయి కళ్లు గీత మీద ఉన్నాయి. మా మేనకోడలి తల మటుకు పక్కకు తిరిగి ఉన్నది. అది పోటీదారును చూస్తున్నది!

అది చాలాసేపు ఆ బొమ్మ వంక చూసి, "మామయ్యా! నేను పక్కకు చూస్తుంటే, ఆ రెండు మీటర్లలో అది నన్ను అందుకునే ఉంటుంది," అన్నది. ఆ తరవాత కంచంలో అన్నం కలుపుకున్నది.

మర్నాడు ఆ ఫోటో రెండు ప్రతులు అచ్చు వేయించమన్నది. ఒకటి తన పుస్తకంలో పెట్టుకుని, రెండోది తానే తీసుకుపోయి ఆ అమ్మాయికి ఇచ్చి వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ కలిసి పొద్దున్నే మైదానంలో పరిగెత్తుతున్నారు.

ఇక మీకు ఒక లెక్క. మీ ఇంటి తొట్టిలో 60 చెంబుల నీళ్లు పడతాయి. నిమిషానికి 10 చెంబులు పోస్తున్నారు, కింది గొట్టం గుండా నిమిషానికి 4 చెంబులు పోతున్నాయి. తొట్టి ఎంతసేపటికి నిండుతుంది? ఆ తరవాత నిమిషానికి ఎన్ని చెంబులు పోయగలరు? ముందు లెక్క వేసి, తరవాత మీ అమ్మగారిని అడిగి తొట్టి దగ్గర చేసి చూడండి. జవాబు వచ్చే నెల చూద్దాం.