ముందు లాన్, వెనక గోంగూరేనా?

చూపించుకునేది ఇంటి ముందు, తినేది ఇంటి వెనక. ఈ విభజన ఎవరు పెట్టారో గానీ నాకు అసలు నచ్చదు. చిన్న స్థలాల్లో అయితే మరీ అన్యాయం. సెట్‌బ్యాకులు, కారు పార్కింగు, బోరు, సెప్టిక్ ట్యాంకు అన్నీ పోగా వెనక మిగిలేది బట్టలారేసుకునే చోటే. పెరడు అనే మాట మన ప్లాన్లలోంచి ఎప్పుడో పోయింది. కాస్త ఎండ పడే మట్టి ఉందంటే అది గేటు పక్కనే. అక్కడ మనం ఏం వేస్తున్నాం? గడ్డి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా నాన్న ఇల్లు కడుతున్నారు. 200 గజాలు, తూర్పు ముఖం. ముందు 20 అడుగులకి 15 అడుగుల మట్టి మిగిలింది. నర్సరీవాళ్ళిచ్చిన కొటేషన్‌లో కొరియన్ గడ్డి, నాలుగు ఫాక్స్‌టెయిల్ పామ్‌లు, గోడ పొడవునా పసుపుపచ్చ డ్యురాంటా ఉన్నాయి. నోట్లో పెట్టుకోదగ్గ ఆకు ఒక్కటి లేదు. డ్యురాంటా కాయలైతే విషం కూడా. మా అక్క కూతురికి రెండేళ్ళు, కనపడ్డ ప్రతిదీ రుచి చూసే రకం.

నీళ్ళ లెక్క చూద్దాం, మనం ఇంజినీరింగ్ వాళ్ళం కదా. ఒక మిల్లీమీటరు నీరంటే చదరపు మీటరుకి ఒక లీటరు. 300 చదరపు అడుగులంటే దాదాపు 28 చదరపు మీటర్లు. ఎండాకాలం రోజుకి 5 మిల్లీమీటర్లు తడిపినా 140 లీటర్లు, అంటే పెద్ద బకెట్లు ఏడు. మే నెలలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే వీధి మాది. కూరగాయలకి నీళ్ళు అక్కర్లేదా అంటే కావాలి, అబద్ధం చెప్పను. కాకపోతే ఆ నీళ్ళు కొన్నాళ్ళకి పప్పులోకి వస్తాయి.

నాన్న అన్న మాటని మాత్రం తేలిగ్గా తీసెయ్యలేను. "మీ తాత బతుకంతా మట్టిలోనే గడిచిందిరా. నేను ఇరవై ఏళ్ళు అద్దె ఇళ్ళల్లో ఉండి కట్టుకుంటున్నా. ఇంటి ముందు కూడా బెండకాయలేనా?" అన్నారు. ఆయనకి ఆ లాన్ అంటే పొలం కష్టం నుంచి బయటపడ్డామన్న రసీదు. దాన్ని ఎగతాళి చేసే హక్కు ఏసీ ల్యాబులో కూర్చునే నాకు లేదు. అందం కావాలన్న ఆయన కోరికతో నాకు పేచీ లేదు. తినే మొక్కకి అందం ఉండదన్న నమ్మకంతోనే పేచీ.

ఫ్రాన్సులో లోయర్ నది లోయలో విలాండ్రీ అనే కోట ఉంది. 1906లో జోకిమ్ కర్వాలో అనే ఆయన దాన్ని కొని, తోటని పాతకాలపు పద్ధతిలో మళ్ళీ వేయించాడు. జనం టికెట్టు కొనుక్కుని మరీ అక్కడ చూసేవాటిలో క్యాబేజీలు, బీట్‌రూట్లు ఉన్నాయి! తొమ్మిది చదరాలు, ఒక్కోదానికి ఒక్కో డిజైను, రంగు పక్కన రంగు. అంత దూరం ఎందుకు, సంక్రాంతి గొబ్బెమ్మ మీద మనం గుచ్చేది గుమ్మడి పువ్వే. తెలంగాణలో బతుకమ్మ పేర్చేటప్పుడూ అది ఉంటుంది. అదే పాదు కాయ పులుసులో ముక్కవుతుంది. పండక్కి నడివీధిలో పెట్టుకున్న పువ్వు, గేటు పక్కన కాస్తే నామోషీ ఏమిటి?

క్యాడ్‌లో నేను గీసిన ప్లాన్ ఇదీ. గేటు మీద కమాను, దానికి ఒకవైపు ఎర్రకాడ తీగబచ్చలి, రెండోవైపు ఊదా పూల చిక్కుడు. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం, ఏడాదిలో ఎక్కువ రోజులు నీడ ఉత్తరానికే పడుతుంది. కాబట్టి ఎత్తు పెరిగే దానిమ్మ, నిమ్మ ఉత్తరం అంచున. మధ్యాహ్నం దాటాక ఇంటి నీడ పడుతుంది గనక ఇంటి గోడ వైపు పాలకూర, పుదీనా. ఎండ కావలసిన వంగ, బెండ, మిరప గేటు వైపు. బెండ పువ్వుని ఎప్పుడైనా ఆగి చూశారా? లేత పసుపు రేకులు, మధ్యలో ముదురెరుపు. తెలియనివాళ్ళకి మందారమని చెప్పినా నమ్ముతారు, రెండూ ఒకే కుటుంబం మరి. దారికి అటూ ఇటూ నిమ్మగడ్డి కుదుళ్ళు. మునగ వద్దన్నాను. గాలికి కొమ్మ విరుగుతుంది, గొంగళిపురుగులు పడతాయి, పక్కనే కారు. గన్నేరు అసలు లోపలికే రాకూడదు. పువ్వు ఎంత బాగున్నా మొక్క మొత్తం విషం.

దీంట్లో నిజమైన చిక్కు ఒకటుంది. గడ్డి ఏడాదంతా ఒకేలా కనపడుతుంది, కూరగాయల మడి కాపు అయిపోయాక బోసిపోతుంది. ఎండిన బెండ మోళ్ళు చుట్టాలకి చూపించలేం. అందుకే ఇటుక అంచులు, నిమ్మ, దానిమ్మ, కరివేపాకు లాంటి శాశ్వతమైనవాటితోనే తోట ఆకారం నిలవాలి, మధ్యలో మడులు మారుతూ ఉండాలి. ఖాళీ అయిన చోట ఎర్ర తోటకూర చల్లితే నెల తిరక్కుండా నిండుతుంది. దాన్నీ వేళ్ళతో పీకకుండా గిల్లుకుంటే మళ్ళీ చిగురిస్తుంది. ఇక కోతులంటారా, వాటికి నా దగ్గర డిజైను లేదు.

ప్రస్తుతం కుదిరిన ఒప్పందం: మధ్యలో 8 అడుగులకి 6 అడుగుల గడ్డి నాన్నకి, రెండు కుర్చీలు వేసుకోడానికి. పామ్‌లు రద్దు. డ్యురాంటా దగ్గర చర్చలు ఆగాయి. దాని బదులు కరివేపాకుని నడుమెత్తున కత్తిరిస్తూ కంచెలా పెంచుదామని నేనంటే, "ఎక్కడైనా అలా ఉంటే చూపించు" అన్నారు. మీ ఇళ్ళల్లో ఎవరైనా అలా పెంచుతుంటే ఒక ఫొటో తీసి క్లబ్ గ్రూపులో పెట్టండి. జూన్‌లో గృహప్రవేశం, ఈలోపే కంచె సంగతి తేల్చాలి.