పాత సైనిక దుస్తులకు కత్తెర పడటమే మేలు

తాడేపల్లిగూడెం సమీపాన ఉన్న మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటేనే జిల్లాలో పదిమందికీ తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుండి తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊరు అది. అక్కడనే ఏమిటి, మాజీ సైనికులున్న ఇళ్లలో చాలా వాటిలో అటక మీదనో మంచం కిందనో ఒక ఇనుప ట్రంకు పెట్టె కనిపిస్తుంది. పదవీ విరమణ నాడు తెచ్చుకొన్న దుస్తులు కలరా ఉండల వాసనతో అందులో మడత పెట్టి ఉంటాయి. వాటిలో ఒక జతను గౌరవంగా దాచుకొంటారు. చిక్కల్లా మిగిలిన వాటితోనే. పారవేయడానికి మనసొప్పదు, తొడుక్కోవడానికి వీలు కాదు.

ఈ సమస్య ఇప్పుడు పెద్దదయింది. 2022 జనవరి 15న, సైనిక దినోత్సవం నాడు, భారత సైన్యం కొత్త నమూనా పోరాట దుస్తులను ప్రదర్శించింది. జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ సహకారంతో రూపొందిన ఆ నమూనాను ఎవరుబడితే వారు నేసి అమ్మకుండా హక్కులు కూడా రిజిస్టరు చేయించారు. కొత్తవి వస్తే పాతవి మూలకు చేరక తప్పదు గదా!

మూలకు చేరిన సైనిక దుస్తులు వట్టి పాతగుడ్డలు కావు. 2016 జనవరిలో పఠాన్‌కోట వైమానిక స్థావరంపై దాడి చేసిన ఉగ్రవాదులు సైనికుల వేషంలోనే వచ్చారు. ఆ తర్వాత, పౌరులు సైనిక దుస్తులను పోలినవి ధరించవద్దనీ, దుకాణదారులు అమ్మవద్దనీ సైన్యం విజ్ఞప్తి చేసింది. సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో అటువంటి దుస్తులు తొడిగినా, చిహ్నాలు వెంట ఉంచుకొన్నా నేరమని పూర్వపు శిక్షా స్మృతి 140వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 168వ సెక్షన్‌గా ఉన్నది. మూడు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

కనుక పాత దుస్తులు తిరిగి ఎవరి ఒంటి మీదికీ ఎక్కకుండా చూడటం అవసరం. ఇందుకు కత్తెరకు మించిన ఉపాయం లేదు. కాల్చితే బూడిద మిగులుతుంది, కత్తిరించి కుడితే సంచి మిగులుతుంది. మోచేతులు, మోకాళ్ల దగ్గర అరిగిపోయినా చొక్కా వీపు భాగం, ప్యాంటు తొడల వెనుక భాగం గట్టిగానే ఉంటాయి. మూత ఉన్న జేబులను ఊడదీయకుండా అలాగే సంచికి పై జేబులుగా వాడుకోవచ్చు. లోపల లైనింగు, పైన జిప్పు, భుజానికి పట్టీ ఉంటే చాలు. అయితే పట్టీ అతికేచోట నాలుగైదు మడతలు పడి, జాకెట్లు కుట్టే సన్న సూది విరుగుతుంది. అక్కడ 18 నంబరు సూది కావాలి.

ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో ఇద్దరు సైనికాధికారుల భార్యలు, లీసా బ్రాడ్లీ, కామెరాన్ క్రూజ్, 2011లో ఇదే పని ప్రారంభించారు. భర్తకు బదిలీ అయినప్పుడల్లా భార్య ఉద్యోగం వదులుకోవలసి రావడం వారి బాధ. అందుకని వేర్వేరు ఊళ్లలోని సైనికుల భార్యలు ఇంటి వద్దనే తలా ఒక భాగం తయారుచేసి పోస్టులో పంపేవారు. వాటిని ఒకచోట జతపరచి చేతిసంచులుగా అమ్మేవారు. పాత యూనిఫారాలు, డేరా గుడ్డ, కంబళ్లు వారి ముడిసరుకు. ఊరు మారినా పని మారకపోవడమే ఆ ఏర్పాటులోని తెలివి.

ఇళ్లలో విడివిడిగా పని, వేరొకచోట అమ్మకం అనేది ఈ జిల్లాకు తెలియని పద్ధతి కాదు. నరసాపురం లేసు నడిచింది ఈ విధంగానే. ఆ లేసు సముద్రాలు దాటినా అల్లిన స్త్రీకి దక్కింది స్వల్పమేనని జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకంలో వివరంగా రాశారు. లాభం మధ్యవర్తులకు, కంటి జబ్బు కార్మికురాలికి అన్నట్లుండే ఆ పంపకం సంచుల విషయంలోనూ పునరావృతమయితే ఎవరికి ప్రయోజనం? కుట్టిన వారే అమ్మే ఏర్పాటు మొదటి రోజు నుండే ఉండాలి.

బజారులో చవక సంచులతో పోటీ పడాలనుకోవడం కూడా పొరపాటే. కుట్లు ఊడదీయడానికే పూట గడుస్తుంది. ఏ రెండు చొక్కాల కొలతలూ ఒకటి కావు. కూరగాయలకు సంచి కావలసినవారు దీనిని కొనరు. సైన్యంలో పనిచేసిన తండ్రి గుర్తు కావాలనుకొనే కొడుకో కూతురో కొంటారు, లేదా సొంత గుడ్డ ఇచ్చి కుట్టించుకొంటారు. కూలి గిట్టే ధర చెప్పడానికి మొహమాటపడనక్కరలేదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం పూనుకొంటే ఇది సాధ్యమయ్యే పనే. ముందుగా సైనికాధికారుల అనుమతి పొందాలి. మాజీ సైనికులు తామై ఇచ్చిన దుస్తులను లెక్క రాసి తీసుకోవాలి. పేరు బిళ్లలు, హోదా గుర్తులు, రెజిమెంటు చిహ్నాలు అక్కడే విప్పి ఇంటివారికి తిరిగి ఇచ్చివేయాలి. ఆ తర్వాత ఎదుటనే కత్తిరించాలి. చొక్కా చొక్కాగా ఆ గది దాటి బయటికి పోరాదు. కుట్టుపని తెలిసిన మాజీ సైనికుల భార్యలకు, వితంతువులకు ముందుగా అవకాశం ఇవ్వాలి. పాత దుస్తుల పేరు చెప్పి అదే రంగు కొత్త గుడ్డ తాను తెచ్చి కుట్టేవారిని మాత్రం దగ్గరికి రానీయరాదు. అది నకిలీ వ్యాపారానికి దారి తీస్తుంది.

విధి నిర్వహణలో మరణించిన వారి ఇళ్లకు వెళ్లి అడగడం తగదు. ఆ తల్లి ఆ చొక్కాను అలాగే ఉంచుకొంటానంటే అది ఆమె ఇష్టం.

ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతుంది. చిన్న జెండాలు పంచి విరాళాలు సేకరించే ఆ రోజున ఇరవయ్యో ముప్పయ్యో సంచులను కూడా ఒక బల్ల మీద పెట్టి చూడవచ్చు. గిరాకీ సంగతి ఆ సాయంత్రానికే తేలిపోతుంది.