గేయాల బొమ్మల పుస్తకాలు ఇంటికివ్వండి

ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ శాఖ డైరెక్టర్ గారికి,

నూజివీడు పక్క పల్లె మాది. ఇక్కడ వేసవి సెలవులూ మామిడి కోతా ఒకేసారి వస్తాయి. పెద్దవాళ్లు కాయ కోస్తుంటే పిల్లలు తోట పాకలో కూర్చుంటారు.

కిందటేడు మనవరాలికి ఒక గేయాల బొమ్మల పుస్తకం కొనిచ్చాను. ఇంకా చదవడం రాని పిల్ల. నేను పాడుతుంటే బొమ్మ చూస్తూ వినేది. మూడో రోజుకి అక్షరాల కింద వేలు జరుపుతూ తనే పాడింది. 'చిలక' దగ్గర వేలు ఆగింది. పేజీ తిప్పి, అదే మాట ఇంకోచోట పట్టుకుని, "తాతయ్యా, ఇదీ చిలకే!" అంది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు 1945లో 'బాల' పత్రిక పెట్టింది ఇలాంటి పిల్లల కోసమే కదా.

1960 నాటి చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. మేం వెళ్లే గ్రంథాలయంలో మాత్రం పిల్లల బీరువాకి తాళం. చిరుగుతాయని ఇంటికివ్వరు. చిరగనివ్వండి సార్. చిన్నరసం తిన్న చేతులతోనే తిప్పుతారు, మరకలూ పడతాయి.

ఈ కోతల కాలంలో ఇంటికి రెండేసి పుస్తకాలు ఇప్పించండి. చదువు రాని అమ్మలు కూడా బొమ్మ చూసి పాడగలిగేవి.

ఇట్లు,
ఒక తాతయ్య